కందుకూరి వీరేశలింగం
కందుకూరి వీరేశలింగం (1848 ఏప్రిల్ 16 – 1919 మే 27) రాజమండ్రిలో జన్మించిన తెలుగు రచయిత, సంఘ సంస్కర్త. నాలుగేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉంటూ 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల ప్రారంభించాడు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించి, ఆపై ఎదురైన సాంఘిక బహిష్కారాన్ని భార్య రాజ్యలక్ష్మితో కలిసి భరించాడు.

ఉపన్యాసాలలో చెప్పిన విషయాన్నే వింతకథగానూ చెప్పాడు. ఇంగ్లండులో ఆలిస్ కథ (1865) వెలువడిన పాతికేళ్ళకు, జోనాథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల ఒరవడిలో సత్యరాజా పూర్వదేశయాత్రలు రచించాడు. అందులో ఆడమళయాళం అనే దేశంలో పెత్తనమంతా స్త్రీలదే. తెలుగునాట స్త్రీలు పడే బాధలు అక్కడ పురుషులు పడుతుంటారు. పిల్లలకు ఇది నవ్వు పుట్టించే యాత్రాకథ, పెద్దలకు మాత్రం చురక. రాజశేఖర చరిత్రముకు వచ్చినంత పేరు దీనికి రాకపోవడం విచారకరం. వీరేశలింగం మద్రాసులో మరణించాడు.