ఆర్యభటుడు - వృత్తపు కొలత

కట్టెబండ్ల కాలమున కమ్మరి చక్రమునకు ఇనుపపట్టా వేయుటకు ముందు త్రాటితో చుట్టియో, చక్రమును దొర్లించియో చుట్టుకొలత తీసెడివాడు. వ్యాసము తెలిసినచో త్రాడు లేకయే చుట్టుకొలత చెప్పవచ్చును. కాని వ్యాసమును ఎంతచే హెచ్చింపవలెను? ప్రాచీనులలో అనేకులు మూడింతలని సరిపెట్టుకొనిరి. అంతకన్న మిక్కిలి సూక్ష్మమైన లెక్క చెప్పినవాడు ఆర్యభటుడు.

కలియుగమున 3600 సంవత్సరములు గడచునాటికి తనకు 23 ఏండ్లని ఆయనయే తెలిపియున్నాడు. దానినిబట్టి ఆయన జననము క్రీ.శ. 476. కుసుమపురమున, అనగా పాటలీపుత్రమున, ఆయన విద్య ఆదరము పొందెను. 629లో వ్యాఖ్య వ్రాసిన మొదటి భాస్కరుడు ఆయనను అశ్మకదేశముతో ముడిపెట్టెను. అశ్మకము గోదావరీతీరపు దేశము. దాని రాజధాని పోదనము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనే యని పలువురు చరిత్రకారుల మతము. మనకిది ముచ్చటైన సంగతి.

ఆయన రచించిన ఆర్యభటీయము సుమారు 120 శ్లోకముల చిన్న గ్రంథము. అందు గణితపాదమున వృత్తమును గూర్చిన సూత్రమిది: నూటికి నాలుగు కలిపి, ఎనిమిదిచే హెచ్చించి, 62,000 చేర్చవలెను. వచ్చిన 62,832 అనునది 20,000 వ్యాసముగల వృత్తమునకు చుట్టుకొలత. అనగా వ్యాసమునకు 3.1416 రెట్లు. 20,000 మూరల వ్యాసమున్న వలయమును ఊహింపుడు. మూడింతల లెక్క 2,800 మూరలకు పైగా తక్కువ చూపును. ఆర్యభటుని లెక్కలో తేడా బెత్తెడైనను ఉండదు.

ఇంత చేసియు ఆయన దీనిని ఆసన్నమనెను, అనగా దగ్గరి విలువ మాత్రమే. నా దృష్టిలో ఆ అంకెలకన్న ఈ ఒక్క మాటయే గొప్పది. సుమారు వేయేండ్ల పిమ్మట కేరళీయుడైన నీలకంఠ సోమయాజి ఈ మాటను వివరించుచు, వ్యాసమును శేషము లేకుండ కొలిచెడి ఏ ప్రమాణముతోను పరిధిని శేషము లేకుండ కొలువజాలమని చెప్పెను. ఐరోపాలో లాంబర్టు 18వ శతాబ్దమున దీనిని నిరూపించెను.

భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని చెప్పినందులకు ఆర్యభటుని 628లో బ్రహ్మగుప్తుడు గట్టిగా ఖండించెను. ఆ విషయమున ఆర్యభటునిదే సత్యము. అయితే ఆయనకును పొరపాటు తప్పలేదు. సగము పరిధిని సగము వ్యాసముచే హెచ్చించిన వృత్తవైశాల్యము వచ్చునని సరిగా చెప్పి, అదే శ్లోకపు రెండవ సగమున గోళముయొక్క ఘనపరిమాణమునకు తప్పు సూత్రమిచ్చెను. అది నిజమునకన్న సుమారు మూడవవంతు ఎక్కువ చూపును. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు అందు సరియైన సూత్రమును చెప్పెను.