సత్యవేడు కొండల రాళ్ల వయసు వెతికిన ఫుట్ దొర

సూళ్లూరుపేట: ఇక్కడికి నైరుతిగా ఉన్న సత్యవేడు కొండల్లో గుండ్రటి గులకరాళ్లు సిమెంటు వేసి అతికించినట్లు బండల్లో ఇరుక్కుని కనిపిస్తాయి. కొండ మీద ఏటి గులకరాళ్లు ఎలా వచ్చాయన్నది పశువుల కాపరులకు సైతం తట్టే సందేహమే. నూట అరవై ఏళ్ల క్రితం ఆ సందేహం పట్టుకుని ఈ ప్రాంతమంతా తిరిగిన వ్యక్తి రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశ ప్రాచీన మానవ చరిత్రకు పునాది వేసినవారిగా ఆయన పేరు నేటికీ చెప్పుకుంటారు.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. 1858 డిసెంబరులో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో ఊరూరా డేరాలు వేసుకుంటూ, ఏ గట్టున ఏ రాయి ఉందో పటం మీద గుర్తించడమే ఆయన ఉద్యోగం.

పల్లవరం గుంటలో దొరికిన రాయి

1863 మే 30న మద్రాసు పక్కన పల్లవరంలో గ్రావెల్ తవ్విన గుంటలో ఆయనకు ఒక రాయి కనబడింది. అది తనంత తాను పగిలిన రాయి కాదనీ, మనిషి చేతితో చెక్కిన పనిముట్టు అనీ ఆయన పసిగట్టారు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు. ఫ్రాన్సులో దొరికిన ఇటువంటి రాళ్లు మనిషి చేసినవేనని ఐరోపా పండితులు ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్లు మాత్రమే అయింది. మన దేశంలో పాత రాతియుగం మనిషి ఉన్నాడని రుజువు చేసిన మొదటి రాయి అదే.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఫుట్, ఆయన తోటి ఉద్యోగి విలియం కింగ్ కలసి కుశస్థలి నదీ ప్రాంతంలోని అత్తిరంపాక్కం చేరుకున్నారు. అక్కడ చేతిగొడ్డళ్లు పెద్ద సంఖ్యలో దొరికాయి. పాలారు నదికి ఉత్తరాన మద్రాసు, ఉత్తర ఆర్కాటు జిల్లాల రాళ్లపై ఫుట్ రాసిన వివరమైన నివేదిక 1873లో వెలువడింది. సత్యవేడు గులకరాతి పొరలను లోకానికి తెలిపింది ఆ నివేదికే. సత్యవేడు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలోది. 1960లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది.

రాయి వయసు వేరు, పని వయసు వేరు

ఫుట్‌ను జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఒక్కటే: ఈ పనిముట్లు ఎంత పాతవి? ఆనాడు రాయి వయసును ఏళ్లలో చెప్పే మార్గం లేదు. కింది పొర ముందుది, పై పొర తరువాతది అని చూడడం, పొరలో ఉన్న ఆకుల, గవ్వల, ఎముకల శిలాజాలను మరోచోటి వాటితో పోల్చడం, అంతే. ఆ పద్ధతిలోనే సత్యవేడు పొరలు బహు పురాతనమైనవని ఆయన గుర్తించారు. అవి 10 కోట్ల ఏళ్లకు పైబడినవని నేటి శాస్త్రం చెబుతోంది.

మధ్యలో మయోసీన్ అనే యుగం ఉంది. అది 2 కోట్ల 30 లక్షల ఏళ్ల క్రితం మొదలైంది. ఆ యుగం తొలి భాగంలో సముద్రం పేర్చిన గవ్వల సున్నపురాయి కేరళలోని కొల్లం వద్ద ఉంది. ఆ ప్రాంతాన్ని 1882లో వివరించినది ఫుట్ స్నేహితుడు కింగే. పుదుచ్చేరి దగ్గర తిరువక్కరైలో రాళ్లుగా మారిన చెట్ల మొద్దులు సుమారు 2 కోట్ల ఏళ్ల నాటివని అంచనా. అంటే మయోసీన్ నాటికే సత్యవేడు రాళ్లు ముసలివి. మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు.

చిత్రమేమంటే, అత్తిరంపాక్కంలో గొడ్డళ్లు చెక్కినవారు వాడిన రాయి ఈ కొండల వరుస నుంచి కొట్టుకొచ్చిన గులకరాయే. రాయి వయసు కోట్ల ఏళ్లు, దానిపై మనిషి పెట్టిన దెబ్బ వయసు మరొకటి. ఆ రెండో లెక్క తేలకుండానే ఫుట్ కాలం గడిచిపోయింది.

1884లో ఆయన అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలకు వెళ్లారు. సైన్యంలో ఉన్న కుమారుడు హెన్రీ తవ్వకాలకు తోడుగా నిలిచారు. అక్కడ లభించిన ఎముకలను లిడెక్కర్ పరీక్షించగా, నేడు ఆ ప్రాంతంలో కానరాని ఖడ్గమృగం వంటి జంతువుల ఆనవాళ్లు బయటపడ్డాయి.

1891లో సర్వే నుంచి పదవీ విరమణ చేసి, బరోడా, మైసూరు సంస్థానాలలో పనిచేశారు. చివరకు ఏర్కాడులో స్థిరపడ్డారు. నలభై ఏళ్లుగా కూడబెట్టిన రాతి పనిముట్లను, కుండ పెంకులను మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1904లో 40,000 రూపాయలకు కొన్నది. ఏ వస్తువు ఏ ఊరిలో దొరికిందో రాసి ఉంచడం వల్లనే ఆ సేకరణకు అంత విలువ. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో మరణించారు. చితాభస్మం ఏర్కాడు చర్చిలో ఉంచారు. ఆయన రాసిన పట్టిక 1914, 1916లలో రెండు సంపుటాలుగా వెలువడింది.

నూరేళ్ల తరువాత జవాబు

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు 2011లో వచ్చింది. రాయి నేల మీద ఉన్నంతకాలం ఆకాశం నుంచి వచ్చే కిరణాల వల్ల అందులో రెండు రకాల అణువులు పుడతాయి. రాయి మట్టిలో పూడిపోయాక అవి వేర్వేరు వేగాలతో తరిగిపోతాయి. మిగిలిన పాళ్లను కొలిచి, ఎప్పుడు పూడిందో లెక్క కడతారు. అలా చూడగా అత్తిరంపాక్కం గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని తేలింది.

అయితే ఈ లెక్క సాగాలంటే రాయి పూడిన చోటనే ఉండాలి. లారీలో వెళ్లి రోడ్డు కింద పడిన రాయి ఇక ఏమీ చెప్పదు. ఫుట్‌కు మొదటి రాయి దొరికింది గ్రావెల్ గుంటలోనే. నేడు గ్రావెల్ తవ్వకాలు ఆనాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు వైపులా చెక్కిన బాదంకాయ ఆకారపు రాయి గాని, ఆకు అచ్చు పడిన బండ గాని కంటబడితే, కదపకుండా పురావస్తు శాఖ వారికి కబురు చేయడం మేలు. ఏ ఊరు, ఏ గుంట, ఎంత లోతు అన్నది ఒక చీటీపై రాసి ఉంచినా చాలు. ఫుట్ దొర జీవితమంతా చేసింది ఆ పనే.