జెఫర్సన్ మహాశయుని గృహగ్రంథాలయము

అమెరికా సంయుక్త రాష్ట్రముల స్వాతంత్ర్య ప్రకటనమును రచించినవాడుగను, ఆ దేశమునకు మూడవ అధ్యక్షుడుగను థామస్ జెఫర్సన్ పేరు లోకమున సుప్రసిద్ధము. కాని పదవులన్నిటికంటెను ఆయన మనస్సును చూరగొన్నది పుస్తకము. నలువది యేండ్లకు పైగా తన యింట కూర్చుకొనిన గ్రంథ సంచయమును ఒక్కమారుగా దేశమున కప్పగించి, ఖాళీయైన గదులలో మరల మొదటినుండి పుస్తకములు చేర్చుటకు పూనుకొనిన చదువరి ఆయన. గ్రంథాలయములను ప్రేమించువా రెల్లరును తెలిసికొనదగిన చరిత్ర యిది.

జెఫర్సన్ 1743 వ సంవత్సరము ఏప్రిల్ 13 వ తేదీన వర్జీనియాలోని షాడ్వెల్ అను చోట జన్మించెను. తండ్రి పీటర్ జెఫర్సన్ భూములు కొలిచి పటములు గీయుటలో నిపుణుడు. 1757 లో ఆయన మరణించునప్పటికి కుమారునికి 14 ఏండ్లు. విస్తారమైన భూములతోపాటు సుమారు 40 పుస్తకములు ఆ బాలునికి సంక్రమించెను. విలియం అండ్ మేరీ కళాశాలలో చదివి, పిదప జార్జి విత్ అను పండితుని యొద్ద అతడు న్యాయశాస్త్రము నభ్యసించెను. గ్రీకు, లాటిను భాషలయందు గట్టి ప్రవేశము కలిగెను. న్యాయవిద్యార్థిగా నున్న 1765 లోనే ఖురాను ఆంగ్లానువాదమును సైతము కొని చదువుటను బట్టి, అతని జిజ్ఞాసకు ఎల్లలు లేవని తెలియును.

1770 వ సంవత్సరము ఫిబ్రవరి 1 వ తేదీన షాడ్వెల్ గృహము అగ్నికి ఆహుతి యయ్యెను. జెఫర్సన్ అప్పుడు ఇంట లేడు. తిరిగి వచ్చునప్పటికి తండ్రి ఇచ్చిన పుస్తకములును, తాను కొన్నవియు, వ్రాసికొన్న కాగితములును దాదాపుగా బూడిదయై యుండెను. కాలిన పుస్తకముల వెల సుమారు 200 పౌనులని ఆయన లెక్క కట్టెను. కాలినది ఆ సొమ్మే యైనచో తనకు చింత లేకపోయెడిదని మిత్రునికి వ్రాసెను. అంతటి నష్టమునకును క్రుంగక, మాంటిచెల్లో అను కొండపై తాను కట్టుకొనుచున్న క్రొత్త యింట వెంటనే పుస్తకములు చేర్చసాగెను. మూడేండ్లు గడచి 1773 లో లెక్కింపగా అవి 1,256 సంపుటము లయ్యెను. 1783 నాటికి 2,640 అయ్యెను.

1784 మొదలు 1789 వరకు జెఫర్సన్ ఫ్రాన్సు దేశమున అమెరికా ప్రతినిధిగా నుండెను. తీరిక దొరకిన ప్రతి మధ్యాహ్నమును ఆయన పారిస్ నగరపు పుస్తకముల అంగళ్లలోనే గడిపెను. ప్రతి గ్రంథమును స్వహస్తముతో త్రిప్పి చూచి, అమెరికాకు సంబంధించినవానిని, శాస్త్రగ్రంథములను, అరుదైనవానిని ఎన్నుకొనెను. అంతటితో తృప్తి నొందక ఆమ్‌స్టర్‌డాము, ఫ్రాంక్‌ఫర్టు, మాడ్రిడ్, లండన్ నగరముల వర్తకులకును కోర్కెల పట్టికలు పంపెను. ఆ యైదేండ్లలో చేరిన సంపుటములు సుమారు 2,000.

ఇన్ని పుస్తకములు చేరినను వలసిన గ్రంథము వలసినప్పుడు దొరకనిచో వాని వలన ప్రయోజనము లేదని ఆయన యెరుగును. కావున ఆంగ్ల తత్త్వవేత్త బేకన్ చేసిన జ్ఞానవిభాగమును ఆధారము చేసికొని, స్మృతి, బుద్ధి, భావన అను మూడు శక్తులకు చరిత్ర, తత్త్వము, లలిత కళలు అను మూడు వర్గములను ఏర్పరచి, వానిని 44 ప్రకరణములుగా విభజించెను. పుస్తకముల పట్టికను స్వయముగా వ్రాసెను. తన పుస్తకమును గుర్తించుటకు ఆయన యొక్క విచిత్రమైన పద్ధతి నవలంబించెను. ఆ కాలమున పుస్తకము కుట్టువారి సౌకర్యార్థము ప్రతి ఫారము మొదటి పుట అడుగున వరుసగా ఒక్కొక్క అక్షరమును ముద్రించెడివారు. ఆ వరుసలో ‘ఐ’ అను అక్షరమున్న పుటలో దానికి ముందు ‘టి’ అనియు, ‘టి’ ఉన్న పుటలో దాని తరువాత ‘ఐ’ అనియు వ్రాసెడివాడు. పూర్వపు లాటిను వ్రాతలో ‘ఐ’ అక్షరమే ‘జె’ కు బదులు గనుక అది థామస్ జెఫర్సన్ పేరునకు సంకేత మయ్యెను. తెలియనివారికి ఆ గుర్తు కంటబడదు.

ఆయన పఠనము నియమబద్ధమైనది. సూర్యోదయముతో లేచుట ఆయనకు అలవాటు. న్యాయవాది కాగోరు ఒక యువకునికి ఆయన వ్రాసి యిచ్చిన దినచర్యలో, ఉదయము 8 గంటలలోపల ప్రకృతిశాస్త్రములు, నీతి, మతము, 8 నుండి 12 వరకు న్యాయశాస్త్రము, 12 నుండి 1 వరకు రాజకీయములు, మధ్యాహ్నము చరిత్ర, దీపములు పెట్టినది మొదలు నిద్రించువరకు కావ్య నాటక వాఙ్మయము చదువవలెనని యున్నది. వృద్ధాప్యమున కూడ, ఏ వేళకు పడకచేరినను, మనస్సునకు మేలు గూర్చు గ్రంథమును అరగంటయో గంటయో చదువకుండ ఆయన కన్నుమూసెడివాడు కాడు. బరువైన పెద్ద ప్రతులకంటె చేత పట్టుటకు వీలైన చిన్న ప్రతులే ఆయనకు ప్రియములు. ఒకేసారి ఐదు పుస్తకములు తెరచి యుంచి త్రిప్పుకొనుచు చూచుటకు వీలగు తిరుగుడు పీట ఆయన యింట నుండెను. 1809 లో అధ్యక్ష పదవి విడిచిన పిదప వార్తాపత్రికలకు బదులు థుసిడిడీస్, టాసిటస్ చరిత్రలను, గణితమును చేపట్టెను. చలికాలపు సాయంకాలములందు క్రొవ్వొత్తుల వెలుగున మనుమలు, మనుమరాండ్రు తాతగారి చుట్టును చేరి, ఎవరి పుస్తకమును వారు నిశ్శబ్దముగా చదువుకొనెడివారు. ఆయన నడుమ నడుమ తల యెత్తి వారిని చూచి చిరునవ్వు నవ్వెడివాడు.

అయినను ఈ తీరిక ఎవరి శ్రమఫలమో మరువరాదు. మానవులందరు సమానులని ప్రకటించిన ఈ మహాశయుడు జీవితకాలమున 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఆయన యిల్లు, పొలములు, గ్రంథములు కొన్న ధనము వారి చెమటపై నిలిచినవి. ఎన్ని గ్రంథములు చదివినను ఆ బంధనమును ఆయన తెంచుకొనలేకపోయెను.

1814 ఆగస్టు 24 వ తేదీన ఆంగ్లసైన్యము వాషింగ్టన్ నగరమున ప్రవేశించి శాసనసభా భవనమును తగులబెట్టెను. అందు సభ్యుల కొరకై యుంచిన సుమారు 3,000 సంపుటములు దగ్ధమయ్యెను. పుస్తకములు కాలిన బాధ యెట్టిదో జెఫర్సన్ ఎరుగును. నెల తిరుగకముందే, సెప్టెంబరు 21 వ తేదీన, తన గ్రంథాలయమును దేశమునకు ఇచ్చెదనని వ్రాసెను. అప్పటికి ఆయన వయస్సు 71. అప్పులును ఆయనను పీడించుచుండెను. శాసనసభలో తీవ్రమైన చర్చ జరిగెను. పరభాషా గ్రంథములు ఎక్కువనియు, నాస్తికుల రచన లున్నవనియు, వెల యధికమనియు కొందరు ఆక్షేపించిరి. శాసనకర్తకు అవసరముపడని విషయము లోకమున లేదని జెఫర్సన్ మతము. 1815 జనవరి 26 వ తేదీన కేవలము 10 ఓట్ల ఆధిక్యముతో ప్రతినిధుల సభ కొనుగోలును ఆమోదించెను. 6,487 సంపుటములకు 23,950 డాలర్లు వెల నిర్ణయింపబడెను. వెల కట్టినది గ్రంథ విషయమును బట్టి కాదు, పరిమాణమును బట్టి. మిక్కిలి పెద్ద ప్రతికి 10 డాలర్లు, తరువాతి పరిమాణములకు 6, 3 డాలర్లు, మిక్కిలి చిన్న ప్రతికి 1 డాలరు. ఆయనకు ప్రియమైన చిన్న ప్రతులకే తక్కువ వెల దక్కెను. వచ్చిన సొమ్ములో అధికభాగము అప్పులవారికే పోయెను.

ఆ వసంతమున జెఫర్సన్ స్వయముగా నిలిచి పుస్తకములను వరుస తప్పకుండ సర్దించెను. దేవదారు కొయ్యతో చేసిన అలమరలకే ముందు బల్లలు బిగించి, వానినే పెట్టెలుగా 10 బండ్ల కెక్కించి పంపెను. మే 8 వ తేదీన కడపటి బండి కొండ దిగెను. ఖాళీ గదులు చూచి ఆయన ఓర్వజాలకపోయెను. వెంటనే మరల పుస్తకములు తెప్పింప మొదలిడెను. వర్జీనియా విశ్వవిద్యాలయమును స్థాపించి, దాని నడుమ దేవాలయమునకు బదులు గ్రంథాలయమును నిలిపి, అందుంచవలసిన 6,860 సంపుటములకు పట్టిక తయారుచేసెను.

1826 జూలై 4 వ తేదీన, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా 50 ఏండ్లు నిండిన దినమున, ఆయన మరణించెను. మిగిలినవి లక్ష డాలర్లకు మించిన అప్పులు. 1827 జనవరిలో ఆయన బానిసలను వేలమున అమ్మిరి. ఎన్నో కుటుంబములు చెదరిపోయెను. విశ్వవిద్యాలయమునకు చెందవలెనని ఆయన కోరిన కడపటి గ్రంథసంచయము సైతము 1829 లో వేలముపాటను చెదరిపోయెను. దేశమునకు అప్పగించినది మాత్రము నిలిచెను. 1851 డిసెంబరు 24 వ తేదీ అగ్నిప్రమాదమున అందు మూడింట రెండు వంతులు కాలినను, తక్కినవి భద్రపరుపబడెను. ఆయన విభజన పద్ధతి ఆ గ్రంథాలయమున 19 వ శతాబ్దాంతము వరకు సాగెను. ఇటీవలి కాలమున ఆ గ్రంథాలయాధికారులు కాలిపోయిన గ్రంథముల ఇతర ప్రతులను దేశదేశముల వెదకి తెచ్చి, ఉన్నవానితో చేర్చి, 2008 నుండి ప్రజల దర్శనార్థ ముంచిరి.

జెఫర్సన్ పుస్తకములను మూడు మారులు కూర్చెను. మొదటిది అగ్ని పాలయ్యెను. మూడవది అప్పుల పాలయ్యెను. ప్రజల పాలైన రెండవదియే నేటికిని చదువరులకు దక్కినది.