ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ సాయంకాలపు నడక

కలకత్తాలోని అప్పర్ సర్క్యులర్ రోడ్డునకు నేడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ పేరు గలదు. ఆ త్రోవన పోవు తెలుగువారిలో పెక్కుమంది ఆయనను గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడుగను, బెంగాల్ కెమికల్ స్థాపకుడుగను ఎఱుగుదురు. ఆ మహాకార్యములన్నియు ఒక రోగపీడిత శరీరముతోడనే సాగినవని ఎఱిగినవారు తక్కువ.

ఆయన 1861 ఆగస్టు 2వ తేదీన రారులి గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమందున్నది. 1870లో కుటుంబము కలకత్తా చేరినది. హేర్ పాఠశాలలో చదువుచుండగా 1874లో జిగట విరేచనముల వ్యాధి ఆ బాలుని పట్టుకొనెను. దాదాపు రెండేండ్లు బడి మాని ఇంటిపట్టున నుండవలసి వచ్చెను. తండ్రిగారి గ్రంథాలయమే అప్పుడు తోడు. వ్యాధి తగ్గినదే కాని విడిచిపోలేదు. అజీర్ణము, దాని వెంట నిద్రలేమి, జీవితాంతము ఆయనను బాధించుచునే యుండెను.

ఎడింబరోలో 1887లో డాక్టరు పట్టము పొందుట, 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము, 1892లో ఏడువందల రూపాయల మూలధనముతో ఔషధ పరిశ్రమకు అంకురార్పణ, ఇవి అందఱెఱిగిన సంగతులే. ఎన్నదగినది ఆయన దినచర్య. వివాహము చేసికొనలేదు. మితాహారము, చిన్న గది, వేళకు నిద్ర. చదువునకు పగటి వేళ నిర్ణయించుకొని, సాయంకాలమున పుస్తకము మూసి మైదానమునకు పోవుచుండెను. అచట గాలి తగులునట్లు తిరుగుట, శిష్యులతోను మిత్రులతోను ముచ్చటించుట నిత్యవిధి. పరిశోధనము ఎంత ముమ్మరముగ నున్నను ఆ వేళను దానికి ధారపోయలేదు. పని వాయిదా వేయవచ్చును గాని నడక వాయిదా వేయరాదని అనుభవము ఆయనకు నేర్పియుండెను.

వ్యాయామమనగానే మనవారికి కోడి రామమూర్తి నాయుడుగారు తలపునకు వత్తురు. ఱొమ్మునకు బిగించిన గొలుసులు తెంచిన ఆ మహాబలుని ముందు, నలువది దాటిన గుమాస్తా తన మోకాళ్ళను చూచుకొని కుర్చీలో కూలబడుట సహజమే. బలము లేదు గనుక వ్యాయామము మనకేల యని అతని వాదము. ఆచార్య రాయ్ లెక్క వేఱు. బలము లేదు గనుకనే ఆయన నడచెను.

అఱువది యేండ్ల వయస్సు ఉద్యోగికి పింఛను కాగితములు సవరించుకొను కాలము. 1916 నుండి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో ఆచార్యుడుగ నున్న రాయ్, 1921లో అఱువది నిండగానే అటుపై వచ్చు జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టెను. జీతము విడిచెను గాని పని విడువలేదు. మరుసటి యేడు ఉత్తర వంగమును వఱదలు ముంచినపుడు సహాయ సంఘమునకు సారథ్యము వహించెను. 1923లో కాంగ్రెసు మహాసభలు కాకినాడలో జరిగినపుడు అచటి ఖద్దరు ప్రదర్శనమును ప్రారంభించుటకు ఆంధ్రదేశము దాక వచ్చెను. రైలు ప్రయాణములు, ఎండలు, ఊరూర ఉపన్యాసములు, ఇవన్నియు పదుమూడవయేట మంచము పట్టిన ఆ దేహమే భరించెను. అది కేవలము నడక మహిమయే యనుట అతిశయోక్తి యగును. మితాహారమునకు, నియమమునకు అందు భాగము గలదు. అయినను నడక లేనిచో తక్కినవి నిలుచునా యనునది సందేహమే.

నేటి వైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అఱువదియైదు దాటినవారు సైతము వారమునకు కనీసము 150 నిమిషములు చుఱుకైన నడకవంటి శ్రమ చేయవలెనని సూచించినది. అనగా వారమున అయిదు దినములు అరగంట చొప్పున. పడిపోకుండ నిలద్రొక్కుకొను శక్తిని పెంచు అభ్యాసములు వారమునకు మూడు దినములైనను ఉండవలెనట. శక్తి చాలనివారు తమకు వీలైనంతయే చేయవచ్చును. గుండెజబ్బు, కీళ్ళనొప్పులు గలవారు వైద్యుని సంప్రదించి మొదలిడుట మేలు. ఉద్యోగ విరమణానంతరము ట్రాము పట్టుకొనుటకు చేయు పరుగు సైతము తప్పిపోవును గనుక, ఆ లోటు పూరించు ఏర్పాటు ముందుగనే చేసికొనవలసి యుండును.

ఆచార్య రాయ్ డెబ్బదియైదేండ్లు నిండిన పిదప గాని ఆచార్యపదవిని విడువలేదు. ఆ తరువాతను మకాము కళాశాల భవనములోని ఆ గదియే. శరీరము క్రమముగ సన్నగిల్లినది. 1944 జూన్ 16వ తేదీన, ఎనుబదిమూడవయేట, అచటనే కన్నుమూసెను.