కర్నల్ మెకంజీ: బంటుల గురుతులను కూర్చిన సైనికుడు

యుద్ధముల కథలలో రాజుల పేర్లు నిలిచియుండును. కత్తి పట్టి ముందునడచిన బంటు పేరు మరుగునపడును. అట్టివారి గురుతులుగా మిగిలిన రాళ్లను, రాతలను వెదకి కూర్చినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ ముఖ్యుడు. ఆయనయు సైనికుడే.

మెకంజీ స్కాట్లాండునకు పడమటనున్న లూయిస్ ద్వీపమునందలి స్టోర్నవే పట్టణమున 1754 ప్రాంతమున జన్మించెను. యౌవనమున ఆ యూరనే సుంకముల లెక్కలు చూచు కొలువు చేసెను. లాగరిథములను కనిపెట్టిన నేపియర్ చరిత్రమును వ్రాయదలచిన యొక ప్రభువునకు హిందువుల గణితమును గూర్చిన సంగతులు సమకూర్చుచు ఈ దేశముపై మక్కువ పెంచుకొనెను. 1783లో కుంఫిణీ సైన్యమున చేరి చెన్నపట్టణమున దిగెను.

1792లో టిప్పుతో సంధి కుదిరిన పిమ్మట నిజాము రాజ్యమున కొలతలు, పటములు సిద్ధపరచు పని ఆయనకు లభించెను. 1794 మార్చిలో కృష్ణానదీతీరమందలి శ్రీశైలమును దర్శించి, ఆ క్షేత్రమును గూర్చి వ్రాసెను. ఏలూరివారగు కావలి సోదరులు ఆయనకు కుడిభుజమైరి. వారిలో బొర్రయ్య పాత శాసనములు చదువుటలో దిట్ట. 1803లో చిన్నవయసుననే అతడు మరణింపగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను.

1799లో శ్రీరంగపట్టణముపై జరిగిన దండయాత్రలో మెకంజీ నిజాము పక్షపు సేనతో ఇంజనీరుగా నడచెను. ఆ విజయమునకు గురుతుగా కుంఫిణీవారు బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలయందు పతకములు ముద్రింపించిరి. ఒకవైపు పులిని అణచుచున్న సింహము, రెండవవైపు కోట ముట్టడి. మహాధికారులకు బంగారము, తక్కిన అధికారులకు వెండి, హవల్దారులకు కంచు, సామాన్య సిపాయీలకు తగరము. తగరపు పతకములే సుమారు 45,000. వీనిని 1808లో పంచిరి. మదరాసు సైన్యమున తెలుగువారు పెక్కురుండిరి. అయినను పతకముపై పొందినవాని పేరు చెక్కలేదు. అది చేతులు మారినచో ఎవనిదో చెప్పువారుండరు.

మన పూర్వులు వేరొక పద్ధతి నెరిగియుండిరి. ఆవుల మందను గాచుచునో, ఊరికొరకు పోరాడుచునో కూలినవానికి వీరగల్లు నిలిపిరి. క్రింది వరుసలో పోరు, నడుమ వీరుని గొనిపోవు అప్సరసలు, పైని శివసన్నిధి. కొన్నింటిపై పేరు, ఊరు, తిథి సైతము కానవచ్చును. మెకంజీ ఇట్టి రాళ్లకు చిత్రములు వ్రాయించెను, శాసనములకు నకళ్లు తీయించెను. ఆయన మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలను చూచి, పెద్దలు చెప్పిన వృత్తాంతములను వ్రాసికొనిరి. అవియే కైఫీయతులు.

1811లో జావా దండయాత్రకేగి, తిరిగివచ్చి, 1815లో మెకంజీ భారతదేశమునకంతకు సర్వేయర్ జనరలయ్యెను. మరల జన్మభూమిని చూడకయే 1821 మే 8న కలకత్తా చెంత మరణించెను. 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు, 1,568 వ్రాతప్రతులు, 2,630 చిత్రములు ఆయన సేకరణలో నున్నట్లు 1828లో విల్సను పట్టికలో ఎక్కించెను. కుంఫిణీవారు లక్ష రూపాయలిచ్చి దానిని కొనిరి. అందలి భాగములు నేడు చెన్నైలోను, లండనులోను గలవు.

మెకంజీ జయించినవారి కొలువున నున్నవాడు. ఆయన పటములు పన్నుల వసూలుకును, పరిపాలనకును తోడ్పడినవి. ఈ మాట దాచనక్కరలేదు. అయినను కరణము మాటను, కాపు చెప్పిన కథను చరిత్రమునకు పనికివచ్చు సాక్ష్యముగా ఎంచెను. ఆయన తరువాతివారికి ఆ గౌరవబుద్ధి కొరవడెను. మిగిలిన పనిని తాను సాగింతునని లక్ష్మయ్య కోరగా, బెంగాలు ఆసియాటిక్ సొసైటీ అతనికి అర్హత చాలదనెను. ఆ పని టెయిలరను మిషనరీకి దక్కెను. ఇరువదేండ్లకు పైగా సేకరణభారము మోసినవానికి తగరపు పతకమైనను లభింపలేదు.

నల్లగొండ, పాలమూరు సీమలలో చెరువుకట్టలమీదను, గుడిముంగిళ్లలోను వీరగల్లులు నేటికిని నిలిచియున్నవి. కొన్ని పసుపుకుంకుమలందుకొనుచున్నవి, కొన్ని మెట్లక్రింద అణగిపోవుచున్నవి. గ్రంథాలయమున నొక పుస్తకము తెరచి, ఊరిలోని ప్రతి వీరగల్లు చోటును, అందలి బొమ్మలను, పెద్దలు చెప్పుకొను కథను వ్రాసియుంచినచో మెకంజీ, కావలి సోదరులు మొదలిడిన పని మన యూర కొనసాగును. దానికి సర్కారు సెలవు అక్కరలేదు. ఒక కలము, కొన్ని సాయంకాలములు చాలును.