గబ్బిలంతో కబురు పంపిన కవి – గుర్రం జాషువా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమన్నప్పుడు మేము గుర్రం జాషువా గారిని ఎంచుకున్నాం. ఆయన గిరిజనుడు కాదు కదా అని కొందరికి అనిపించవచ్చు. నిజమే, కాదు. కానీ గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చే ఎరుకల, యానాది, సుగాలి, చెంచు పిల్లలతో రాత్రింబవళ్లు గడిపే మాకు, ఈ నేలమీద పుట్టిన కవుల్లో మా పిల్లల బతుక్కి ఇంత దగ్గరగా వచ్చినవారు మరొకరు కనిపించలేదు. పైగా ఆయన ఇంటికీ మన ఎరుకల వారికీ నేరుగా ఒక బంధం ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు. తల్లి లింగమ్మ గారు మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. వేరు వేరు కులాల దంపతుల బిడ్డ అంటే ఆ రోజుల్లో రెండు వైపులా మాట పడాల్సిందే. బడిలో చేరాక కష్టాలు ఎక్కువయ్యాయి. తోటి పిల్లలే కాదు, పాఠం చెప్పేవారు కూడా కులం పేరెత్తి హేళన చేసేవారు. అయితే ఈ పిల్లవాడు తలవంచుకుని కూర్చునే రకం కాదు. తిట్టినవాణ్ని పట్టుకుని కొట్టేవాడు. హాస్టల్లో పిల్లలు కొట్టుకున్నప్పుడు ముందు చెయ్యి ఎవరు ఎత్తారని అడగటం మా అందరికీ అలవాటు. ముందు నోరు ఎవరు జారారని అడిగేవాళ్లం తక్కువ. చిన్ననాటి జాషువాను ఇప్పటి హాస్టల్లో వేస్తే, ఏ రిజిస్టరులోనో ఆయన పేరు దుడుకు పిల్లల జాబితాలో ఉండేది.

1910లో మరియమ్మ గారితో పెళ్లయింది. అప్పటికి ఆయనకు నిండా పదిహేనేళ్లు. మిషనరీ బడిలో నెలకు 3 రూపాయల జీతానికి పంతులు పని దొరికింది. అదీ నిలవలేదు. రాజమండ్రి వెళ్లి 1915-16 ప్రాంతంలో సినిమా వాచకుడిగా చేరారు. ఇప్పటి పిల్లలకు ఈ ఉద్యోగం గురించి విడమరిచి చెప్పాలి. అప్పటి సినిమాలకు మాట లేదు. తెరమీద బొమ్మలు కదులుతుంటే, పక్కన ఒక మనిషి నిలబడి కథనూ పాత్రల సంభాషణలనూ బిగ్గరగా చదువుతూ పోవాలి. రాజు కోపంగా ఉంటే కోపంగా, తల్లి ఏడిస్తే ఏడుపు గొంతుతో. చీకట్లో వినిపించే ఆ గొంతుది ఏ కులమని అక్కడ ఎవరూ అడిగి ఉండరని మాకొక ఊహ. ఆయన పద్యం నోటికి అంత సుళువుగా, వినగానే అర్థమయ్యేలా రావటానికి ఈ కొలువు కూడా కొంత కారణమేమోనని మాకనిపిస్తుంది.

తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠం చెప్పారు. ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన మాలాంటి వాళ్లకు ఇది కొంచెం గర్వం కలిగించే విషయం. బడిలో అవమానపడిన కుర్రవాడే పెద్దయ్యాక, రేపటి పంతుళ్లకు పాఠం చెప్పే చోట నిలబడ్డాడు. ఈలోగా జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘదూతం, రఘువంశం, కుమారసంభవం వంటి సంస్కృత కావ్యాలు చదువుకున్నారు. అంటరానివాడికి సంస్కృతమెందుకు అనే కాలంలో ఒక బ్రాహ్మణ పండితుడు కూర్చోబెట్టి చెప్పాడు, ఈయన కూర్చుని నేర్చుకున్నారు. ఇద్దరినీ తలుచుకోవాలి. ఉభయభాషా ప్రవీణ పూర్తిచేసి 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే తెలుగు పండితుడిగా పనిచేశారు.

చదువు వచ్చింది కాబట్టి తలుపులు తెరుచుకున్నాయా అంటే, లేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతణ్ని సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ కథలమీద పద్యాలు రాస్తున్నాడని చర్చి పెద్దలు వెలివేశారు. ఇంకోసారి రైల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషికి తన పద్యాలు వినిపించారు. ఆయన ఎంతో మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కులం అడిగాడు. సమాధానం వినగానే లేచి వెళ్లిపోయాడు.

ఈ రైలు సంగతి పాతదని పక్కన పెట్టలేకపోతున్నాం. రెండేళ్ల కిందట మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పద్యాల పోటీకి వెళ్లి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడింది. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో నటులు రాగం తీసి పాడే పద్యాలవి. మా అమ్మాయి వాళ్ల తాత దగ్గర నేర్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వేదికమీది పెద్దాయన దగ్గరికి పిలిచి, తలమీద చెయ్యి వేసి, పేరడిగి, ఊరడిగి, మీరేవిట్లు అని అడిగాడు. ఎరుకల అని చెప్పింది. చెయ్యి తీసేసి పక్కవారితో మాటల్లో పడిపోయాడు. తిట్టలేదు, ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల, ఎక్కడైనా రాగం తప్పానా మేడం అని అడిగింది. తప్పలేదని చెప్పాం. రైలు కథ కూడా అప్పుడే చెప్పాం.

1941లో వచ్చిన గబ్బిలం ఇలాంటి అనుభవాలన్నీ గుండెలో పేరుకుపోయాక పుట్టిన కావ్యం. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా గారి కథానాయకుడు యక్షుడు కాదు, తంజావూరు వైపు ఉండే ఒక నిరుపేద అరుంధతీయుడు. అతను కబురు పంపాల్సింది ప్రియురాలికి కాదు, శివుడికి. తన ఆకలి, తన వెలివేత ఆయనకు తెలియాలి. తాను గుళ్లోకి పోలేడు. మరి పోగలిగేది ఎవరు? గబ్బిలం. ఇంట్లోకి వస్తే అశుభమని జనం తరిమే ప్రాణి, గుడి కప్పుకు మాత్రం తలకిందులుగా వేలాడుతూ దేవుడి చెవి దగ్గరే ఉంటుంది. మనిషికి లేని ప్రవేశం పురుగును తిని బతికే గబ్బిలానికి ఉంది. ఆయన ఎవరినీ తిట్టాల్సిన పని లేకుండా పోయింది. రాయబారిగా దేన్ని ఎంచుకున్నాడో చూస్తేనే వినేవాడు సిగ్గుపడతాడు. పై తరగతి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మేము పద్యాల కంటే ముందు ఈ ఏర్పాటునే చెబుతాం. అర్థం కాని పిల్ల ఇంతవరకు లేదు. సంస్కృత సమాసాల దగ్గర మాత్రం నిఘంటువు తియ్యక తప్పదు.

దానికి ముందే, 1932లో ఫిరదౌసి రాశారు. పారశీక మహాకవి ఫిరదౌసికి గజనీ మహమ్మదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి, ఏళ్ల తరబడి కావ్యం రాయించుకుని, చివరికి వెండి నాణేలు పంపిన కథ అది. చేసిన పనికి ఒప్పుకున్న కూలి ఇవ్వకపోవడం. మిరప కోతలకు వెళ్లి, కళ్లంలో కాయలు ఎత్తేశాక కూలి లెక్క దగ్గర గొడవపడి వచ్చే మా పిల్లల తల్లిదండ్రులకు పర్షియా ఎక్కడుందో తెలియకపోయినా ఈ కథ తెలుసు. ఏటా ఆ కోతల నెలల్లోనే మా హాజరు పట్టీలో గళ్లు ఖాళీ అవుతాయి. పెద్దపిల్లల్ని కూడా అమ్మానాన్నలు వెంట తీసుకుపోతారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ఆంగ్ల ప్రభుత్వం తరఫున యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. దీన్ని ఎత్తిచూపేవారున్నారు. సంసారం ఈదాల్సిన మనిషి ఉద్యోగం చేశాడు, అంతే. ఆ తర్వాత ఆయనే నేతాజీ మీదా, బాపూజీ మీదా కావ్యాలు రాశారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. 1966లో నాగార్జునసాగరం అనే కావ్యం అచ్చయింది. మరుసటి ఏడాదే కాలువలకు నీళ్లు వదిలారు. వానను నమ్ముకున్న ఆయన పుట్టిన సీమలో తర్వాత పత్తి, మిర్చి విస్తరించాయి. ఆ చేలకే మన కూలీలు పోతున్నారు.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. సభలోకి ఎందుకు రానిచ్చారన్న నోళ్లకు అంతకు మించిన జవాబు ఏముంటుంది? 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. బిరుదులు ఇంకా చాలా ఉన్నాయి, పాఠ్యపుస్తకంలో కవి పరిచయం గడిలో అవన్నీ ఉంటాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇక ముందు చెప్పిన బంధం. ఆయన కుమార్తె హేమలత గారు 1932లో పుట్టారు. 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు లవణం గారిని కులాంతర వివాహం చేసుకున్నారు. తండ్రి పోయిన కొద్ది ఏళ్లకు, 1970ల నడుమ, ఈ దంపతులు బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పని మొదలుపెట్టారు. ఆ ఊరు ఎలా పుట్టిందో మన వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, పిల్లల కోసం రాస్తున్నాం. ఆంగ్లేయుల నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసి, 1913 ప్రాంతంలో అక్కడ సెటిల్‌మెంటు కట్టి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఉంచారు. మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. పోలీసుల చూపు పోలేదు, చుట్టుపక్కల ఊళ్ల చూపూ పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా జీపు అక్కడికే వచ్చేది.

హేమలత గారు ఇంటింటికీ తిరిగారు. ఆడవాళ్లతో కూర్చున్నారు. నేరం మానుకుని బతకాలంటే భూమి, పని, పిల్లలకు చదువు కావాలని అధికారుల చుట్టూ తిరిగారు. సంస్కార్ అనే సంస్థ ఆ పని మీదే నడిచింది. తెలంగాణలో జోగిని ఆచారం మీద పోరాడిందీ ఆమే. తండ్రి గురించి మా నాన్నగారు అనే పుస్తకం రాశారు. 2008లో చనిపోయారు. ఇవాళ స్టువర్టుపురంలో ఉపాధ్యాయులున్నారు, ఉద్యోగులున్నారు. అక్కడి నుంచి పిల్లలు మాలాంటి హాస్టళ్లకు వచ్చి చేరుతున్నారు. దరఖాస్తు ఫారంలో ఊరి పేరు దగ్గరికి రాగానే కొందరు తల్లులు ఇప్పటికీ కాస్త ఆగి, బాపట్ల అని రాయించమంటారు.