భయపీడితుడైన భక్తకవి విలియం కూపర్

ధ్యాన భాగములు: నిర్గమ 4:10–16, 1 రాజులు 19:1–8, కీర్తన 55:1–8



ఇమ్మానుయేలు రక్తమును పాపములు కడుగు ఊటగా వర్ణించు పాటను మన తెలుగు సంఘములు తరతరములుగా పాడుచున్నవి. దానిని మొదట ఇంగ్లీషులో వ్రాసినవాడు విలియం కూపర్ అను కవి. అంత నిబ్బరమైన పాట వ్రాసినవాడు సింహమువంటి గుండె గలవాడై యుండునని మనము తలంతుము. నిజమేమనగా, పెద్దల సభ యెదుట నిలువబడవలెనన్న తలంపే ఆయనను గడగడ వణికించెను. ఆ భయము ఆయనను మరణద్వారము వరకు ఈడ్చుకొనిపోయెను. ఇట్టి భయముతో లోలోపల నలిగిపోవుచు, ఎవరితోను చెప్పుకొనలేనివారు మన సంఘములలోను కలరు గనుక, ఈ నెల ఆయన జీవితమును మీ యెదుట నుంచుచున్నాము.

తల్లిలేని బిడ్డ

కూపర్ 1731 నవంబరులో ఇంగ్లండు దేశములోని బెర్కంస్టెడ్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఆ ఊరి దేవాలయమునకు పాదిరి. బిడ్డకు ఆరేండ్లు నిండకమునుపే, 1737లో, తల్లి కన్నుమూసెను. పిమ్మట బాలుని బోర్డింగు స్కూలుకు పంపిరి. అచ్చట పదునైదేండ్ల వాడొకడు ఈ పసివానిని రహస్యముగా హింసించుచుండెను. చిన్నవాడు వాని ముఖము వంక కన్నెత్తి చూడనైనను జాలక, వాని బూట్ల బకిల్సులను చూచి మాత్రమే వానిని గుర్తుపట్టెడివాడు. ఈ సంగతి కూపరే పెద్దవాడైన తరువాత వ్రాసియుంచెను. తల క్రిందికి వంచుట ఆయన అప్పుడే నేర్చుకొనెనని చెప్పవచ్చును.

తరువాత ఆయన లండనులోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివి, న్యాయశాస్త్రము నేర్చి, 1754లో బారిస్టరు ఆయెను. పట్టా చేతికి వచ్చెనే గాని వృత్తి సాగలేదు. ఇంటిలో నెమ్మదస్థుడు, స్నేహితుల మధ్య హాస్యప్రియుడు. అయినను కోర్టులో నిలిచి వాదించు పని ఆయన స్వభావమునకు సరిపడినది కాదు.

1763లో వచ్చిన గండము

ఆయన బంధువొకరికి ఇంగ్లండు ప్రభువుల సభలో కొన్ని ఉద్యోగములను నియమించు అధికారముండెను. ఆ బంధువు 1763లో సభ చర్యలను నమోదుచేయు గ్రంథములపై గుమాస్తా పదవిని కూపరుకు ఇచ్చెను. గది లోపల కూర్చుండి చేసికొను పని గనుక కూపర్ సంతోషించెను. అయితే ఎదుటి పక్షమువారు ఆ నియామకమునకు అడ్డుపడి వివాదము లేపిరి. అభ్యర్థి సభ యెదుట నిలిచి తన యోగ్యతను రుజువు చేసికొనవలెనని కబురు వచ్చెను.

ఆ కబురుతో ఆయన ప్రాణము విలవిలలాడెను. పరీక్షకు సిద్ధపడుటకై నెలల తరబడి దినదినము ఆ కార్యాలయమునకు పోయి గ్రంథములు తెరచి కూర్చుండెను. పుటలు త్రిప్పెను గాని ఒక్క ముక్కయు తలకెక్కలేదు. ఆ గుమ్మము దాటినప్పుడెల్ల ఉరికంబము నొద్దకు వచ్చినవాని వలె తన మనస్సు ఉండెనని ఆయన తరువాత వ్రాసెను. వేసవి చివర సముద్రతీరమునకు పోయి కొంత తేరుకొనెను గాని, తిరిగి వచ్చి దినము సమీపించినకొలది భయము రెండింతలాయెను. మతి చలించినయెడల పరీక్ష తప్పునని ఆశించునంత దురవస్థకు దిగజారెను. తుదకు తన ప్రాణమును తానే తీసికొన యత్నించెను. దేవుని కృపవలన ఆ యత్నము విఫలమాయెను. బంధువు వచ్చి, ఆయన స్థితి చూచి, ఆ పదవిని ఆయన మీదనుండి తొలగించెను.

పరీక్ష తొలగినను పీడ తొలగలేదు. తాను చేయబోయిన పాపమును తలంచుకొని, తనకు క్షమాపణ లేదని కూపర్ నమ్మెను. మనుష్యుల యెదుట నిలువలేనివాడు ఇప్పుడు దేవుని యెదుటను నిలువలేనని తలంచి మతి చెడినవాడాయెను.

దేవుడు పంపిన వైద్యుడు

ఆ దినములలో మతి చెడినవారిని గొలుసులతో కట్టి కొట్టు స్థలములు అనేకములుండెను. కూపర్ బంధువులు ఆయనను అట్టి చోటికి పంపక, 1763 డిసెంబరులో సెంట్ ఆల్బన్స్ ఊరిలో నథానియేల్ కాటన్ అను వైద్యుని గృహమునకు పంపిరి. కాటన్ దయగల క్రైస్తవుడు, తానును కవియే. రోగితో మాటలాడెను, ఓర్పుతో కనిపెట్టుకొని యుండెను. నెలలు గడచిన తరువాత, 1764 వేసవిలో, కూపర్ ఒకనాడు బైబిలు తెరచి రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము చదివెను. క్రీస్తు రక్తము తనకొరకును చాలునను నిశ్చయము ఆయన హృదయములో పుట్టెను. మన మెరిగిన ఊట పాటకు మూలము ఇచ్చటనే యున్నది. గమనించుడి: వాక్యము ఆయనకు వైద్యుని యింటిలోనే వెలుగిచ్చెను. ఆ తరువాతను సుమారు ఒక సంవత్సరము ఆయన ఆ వైద్యుని యొద్దనే నిలిచెను. విశ్వాసము వచ్చెను గనుక వైద్యము వద్దని ఆయన అనలేదు.

స్నేహితుల మధ్య

1765లో ఆయన హంటింగ్డన్ చేరి, అన్‌విన్ అను పాదిరిగారి కుటుంబముతో కలిసి నివసించెను. 1767లో ఆ పాదిరిగారు గుఱ్ఱము మీదనుండి పడి మరణించగా, ఆయన భార్య మేరీ అన్‌విన్‌తో కూడ కూపర్ ఓల్నీ అను ఊరికి తరలివచ్చెను. అచ్చటి కాపరి జాన్ న్యూటన్. పూర్వము బానిసల ఓడలకు నాయకుడై, పిమ్మట దైవసేవకుడైనవాడు. ఇరువురి ఇండ్ల వెనుక తోటల నడుమ పరుల పండ్లతోట యొకటి యుండెను. ఒకరి యింటికి ఒకరు పోవుటకు ఆ తోట యజమానునికి ఏటేట ఒక గిన్నీ చెల్లించి దారి సంపాదించుకొనిరి. సంఘ ప్రార్థన కూటములకు ఇరువురు కలిసి పాటలు కట్టిరి. అవి 1779లో ఓల్నీ కీర్తనలను పేర అచ్చుపడెను. అందులో అరవైకి పైగా కూపర్ వ్రాసినవి.

1773లో వ్యాధి తిరిగి వచ్చెను. దేవుడు తనను విసర్జించెనని తెలుపు భయంకరమైన కల కనెను. అటుతరువాత ఆయన గుడికి పోలేదు. న్యూటన్ ఏమి చేసెను? విశ్వాసము పోయెనని విడిచిపెట్టలేదు. తన యింటిలోనే ఆయనకు చోటిచ్చి సంవత్సరమునకు పైగా కాపాడెను. మేరీ అన్‌విన్ రాత్రింబగళ్లు ఉపచారము చేసెను.

నెమ్మదిగా చేతిపని ఆయనకు మందాయెను. వడ్రంగము చేసెను, తోట వేసెను, మూడు కుందేళ్లను పెంచెను. వానిలో ఒకటి సుమారు పండ్రెండేండ్లు బ్రదికెను. స్నేహితురాలొకతె చెప్పిన వేడుక కథ విని, 1782లో జాన్ గిల్పిన్ అను హాస్యగీతము వ్రాయగా దేశమంతయు నవ్వెను. 1785లో వెలువడిన ది టాస్క్ అను కావ్యము ఆయనను ఇంగ్లండు మహాకవులలో నిలిపెను. 1788లో బానిసల వర్తకమునకు విరోధముగా గీతములు వ్రాసెను. సభ యెదుట నోరు తెరువలేనివాడు నోరులేని బానిసల పక్షమున పలికెను.

అంతము సుఖముగా ముగిసెనని మేము చెప్పజాలము. మేరీకి 1791లో పక్షవాతము తగులగా, తనకు పరిచర్య చేసిన ఆమెకు ఆయనయే పరిచర్య చేసెను. ఆమె 1796లో మరణించెను. కూపర్ 1800 ఏప్రిల్ 25న కన్నుమూసెను. తాను విసర్జింపబడితినను భయము తుదివరకు ఆయనను విడువలేదు. తనకు లేదనుకొన్న ఆదరణను ఆయన పాటలు వేలాది విశ్వాసులకు నేటికిని ఇచ్చుచున్నవి. రోగి తన్నుగూర్చి తాను చెప్పుకొను తీర్పు దేవుని తీర్పు కాదు.

నేటి వైద్యులు చెప్పునది

కూపరుకు కలిగిన వ్యాధి యంతయు ఒక్క భయమే కాదు, గాఢమైన విషాదరోగమును దానితో కలసియుండెను. అయితే 1763లో ఆయనను కూల్చిన భయము వంటిదానిని వైద్యులు నేడు సోషల్ ఫోబియా అందురు. పదిమంది తనను చూచి పరీక్షింతురు, నవ్వుదురు అను భయమిది. దీనికి దగ్గరిది పానిక్ డిజార్డర్. ఇందులో ఏ కారణమును కనబడకయే భయపు పోటు మరల మరల వచ్చును, మరల ఎప్పుడు వచ్చునోయని మనిషి నిత్యము బెదరును. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన వ్యాధుల పట్టికలో ఈ రెంటిని వేరువేరుగా చేర్చెను.

పోటు వచ్చినప్పుడు గుండె దడదడలాడును, ఊపిరి ఆడదు, ముచ్చెమటలు పోయును, చేతులు తిమ్మిరెక్కును, చచ్చిపోవుచున్నాననిపించును. ఇది శరీరములోని హెచ్చరిక గంట అకారణముగా మ్రోగుట వంటిది. సాధారణముగా పది నిమిషములలో అది శిఖరమునకు చేరి, పిమ్మట తగ్గును. దానివలన ప్రాణము పోదు. అయినను గుండెజబ్బు, థైరాయిడ్ జబ్బు మొదలగునవియు ఇట్టి గుర్తులే చూపును గనుక మొదట డాక్టరుకు చూపించవలెను.

దీనికి మంచి చికిత్స కలదు. భయపెట్టు తలంపులను పరీక్షించి చూచుట, భయపడు దానిని కొద్దికొద్దిగా ఎదుర్కొనుట నేర్పుదురు. గుడిలో వాక్యము చదువుటకు వణకు యౌవనుడు మొదట ఇంటిలో తల్లి యెదుట, తరువాత గృహకూటములో, ఆ పిమ్మట సంఘములో చదువవచ్చును. తప్పించుకొనినకొలది భయము పెరుగును. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులును ఇత్తురు. అవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును, డాక్టరు చెప్పక హఠాత్తుగా మానరాదు. వెంటనే మత్తు కలిగించు మాత్రలు అలవాటుగా మారవచ్చును. కల్లు, సారాయి భయమును అణచినట్లే అణచి తరువాత హెచ్చించును.

సంఘమునకు ఒక మాట

ఇట్టివారిని చూచి దయ్యము పట్టెననుట, దిష్టి తగిలెననుట, విశ్వాసము లేదనుట మానుదము. మోషే నోటి మాంద్యమును చెప్పుకొనినప్పుడు దేవునికి కోపము వచ్చినను, అహరోనును తోడుగా ఇచ్చెను. ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరినప్పుడు దేవుని దూత ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును పెట్టెను. కూపరుకు కాటన్, న్యూటన్, మేరీ అట్టి దూతలైరి.

మీ యింటిలో ఎవరైనను బ్రదుకు వద్దని పలికినయెడల వారిని ఒంటరిగా విడువకుడి. జిల్లా ఆసుపత్రిలోని మనోవైద్యుని యొద్దకు తోడు వెళ్లుడి. 2022లో మన ప్రభుత్వము స్థాపించిన టెలీ మానస్ వారికి 14416 నంబరున ఫోను చేసి, ఉచితముగా మన భాషలోనే మాటలాడవచ్చును. సాక్ష్యము చెప్పలేనివానిని పదిమందిలో బలవంతముగా నిలువబెట్టకుడి, ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన: ప్రభువా, గెత్సేమనేలో వేదనపడినవాడా, వణకు హృదయములను నీవెరుగుదువు. వారికి మంచి వైద్యులను, విడువని స్నేహితులను దయచేయుము. మమ్మును అట్టి స్నేహితులనుగా చేయుము. ఆమేన్.